అర్ధవాహక నానోవైర్లతో రేడియేషన్ గుర్తింపు: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో భౌతికశాస్త్రం, ఎలక్ట్రానిక్స్ చదువుతున్న పీజీ విద్యార్థులు, ఆసుపత్రుల రేడియోథెరపీ విభాగాల్లో పనిచేసేవారు, భీమిలి తీరంలోని ఇసుక గురించి ఆరా తీసేవారు ఈ విషయంపై అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. వాటికి జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాము. లెక్కలు వచ్చినచోట ఎవరైనా కాగితంపై సరిచూసుకోగలిగేలా అంకెలు ఇచ్చాము.

నానోవైరు అంటే ఎంత ఉంటుంది?

సిలికాన్, గాలియం ఆర్సెనైడ్, ఇండియం ఫాస్ఫైడ్, జింక్ ఆక్సైడ్ వంటి అర్ధవాహకాలతో పెంచిన స్ఫటికపు తీగ ఇది. వ్యాసం కొన్ని పదుల నుంచి కొన్ని వందల నానోమీటర్ల వరకు, పొడవు కొన్ని మైక్రోమీటర్లు ఉంటుంది. ఈ జవాబులన్నింటిలోనూ 100 నానోమీటర్ల వ్యాసం, 5 మైక్రోమీటర్ల పొడవు ఉన్న సిలికాన్ తీగనే ఉదాహరణగా తీసుకున్నాము. దాని బరువు ఒక గ్రాములో పది లక్షల కోట్లవ వంతు కన్నా తక్కువ. ఈ సంగతి తరువాత మళ్లీ అవసరమవుతుంది.

రేడియేషన్ తగిలినప్పుడు ఆ తీగలో ఏం జరుగుతుంది?

మామూలు సిలికాన్ డిటెక్టరులో జరిగేదే జరుగుతుంది. లోపలికి వచ్చిన కణం తన శక్తిలో కొంత వదిలి వెళ్తుంది, ఆ శక్తి ఎలక్ట్రాన్–హోల్ జంటలుగా (స్థానం వదిలిన ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ) మారుతుంది, తీగ రెండు కొనల మధ్య ఉన్న వోల్టేజి వాటిని చెరో వైపుకు లాగుతుంది, బయటి సర్క్యూట్‌లో ఒక చిన్న విద్యుత్ స్పందన కనిపిస్తుంది. సిలికాన్‌లో ఒక జంట పుట్టడానికి సగటున 3.6 ఎలక్ట్రాన్‌వోల్టుల శక్తి చాలు. గాలిలో ఒక అయాన్ జంటకు దాదాపు 34 ఎలక్ట్రాన్‌వోల్టులు కావాలి కాబట్టి, అదే శక్తికి అర్ధవాహకం తొమ్మిది రెట్లు ఎక్కువ ఆవేశాన్ని ఇస్తుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. అమెరీషియం-241 నుంచి వచ్చే దాదాపు 5.5 మెగా ఎలక్ట్రాన్‌వోల్టుల ఆల్ఫా కణం సిలికాన్‌లో ఒక్కో మైక్రోమీటరుకు సుమారు 140 కిలో ఎలక్ట్రాన్‌వోల్టులు కోల్పోతుంది. మన తీగను అడ్డంగా దాటితే అందులో వదిలేది 14 కిలో ఎలక్ట్రాన్‌వోల్టులు, అంటే దాదాపు 3,900 జంటలు. ఆవేశంగా చూస్తే ఇది చాలా స్వల్పం. అయితే తీగకు ఉన్న కెపాసిటెన్స్ (ఆవేశాన్ని పట్టి ఉంచే సామర్థ్యం) కూడా అంతే స్వల్పం. ఆ ఆవేశం ఒక ఫెమ్టోఫారడ్ కెపాసిటెన్స్‌పై చేరితే వచ్చే వోల్టేజి 0.6 వోల్టులు, అదే ఒక పికోఫారడ్‌పై చేరితే 0.6 మిల్లీవోల్టు మాత్రమే. నానోవైరుపై పరిశోధకులకు ఉన్న మోజంతా ఈ వెయ్యి రెట్ల తేడా చుట్టూనే తిరుగుతుంది. చిక్కు ఏమిటంటే, తీగ కొనలకు కలిపే లోహపు ప్యాడ్లు, అక్కడి నుంచి ఆంప్లిఫయరు దాకా వెళ్లే వైరు కలిసి ఆ ఒక్క ఫెమ్టోఫారడ్‌ను సులువుగా కొన్ని పికోఫారడ్లకు చేర్చేస్తాయి. తీగ పక్కనే, అదే చిప్‌పై, ఒక ట్రాన్సిస్టరు ఉంటేనే ఆ లాభం చేతికి అందుతుంది. పరిశోధన పత్రాల్లో ఈ సంగతిని ఒక వాక్యంతో దాటేసేవారే ఎక్కువ.

గైగర్ గొట్టంలోనూ సన్నని తీగే ఉంటుంది కదా, రెండూ ఒకటేనా?

కావు. గైగర్ గొట్టంలో గానీ, 1968లో జార్జ్ షార్పాక్ రూపొందించిన బహుతీగల గదిలో (మల్టీవైర్ ఛాంబర్) గానీ కణాన్ని పట్టేది వాయువు. అందులోని లోహపు తీగ ఆ ఆవేశాన్ని పోగుచేసి పెంచుతుంది, అంతే. నానోవైరు విషయంలో తీగ పదార్థమే డిటెక్టరు.

గామా కిరణాలను నానోవైరు పట్టగలదా?

ఆచరణలో పట్టలేదు. ప్రాజెక్టు ప్రతిపాదనలు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

సీజియం-137 ఇచ్చే 662 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల గామా కిరణం సిలికాన్‌లో ఎక్కడో ఒకచోట ఢీకొనడానికి సగటున ఐదున్నర సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. మన తీగలను ఒక చదరపు సెంటీమీటరు పలకపై ఒక మైక్రోమీటరు ఎడంతో నిలబెట్టామనుకోండి, మొత్తం పది కోట్ల తీగలు పడతాయి. వినడానికి ఎంతో ఘనంగా ఉంటుంది. కానీ ఆ పలక వైశాల్యంలో తీగలు ఆక్రమించేది 0.8 శాతం కన్నా తక్కువ, ఎత్తు ఐదు మైక్రోమీటర్లు. ఆ సిలికాన్ మొత్తాన్ని పలకంతా సమంగా పరిస్తే వచ్చే మందం 40 నానోమీటర్లకు మించదు. అందులో గామా కిరణం ఢీకొనే అవకాశం పది లక్షల్లో ఒకటి కూడా లేదు. పాత ప్రయోగశాలల్లో కనిపించే మూడంగుళాల సోడియం అయొడైడ్ స్ఫటికంలో అదే కిరణం పదింటిలో ఎనిమిదిసార్లకు పైగా ఢీకొంటుంది. గామా కోసం కావలసింది బరువైన పదార్థం, మందమైన పదార్థం. తీగలను ఎంత నేర్పుగా అమర్చినా ఈ లెక్క మారదు.

మరి ఆల్ఫా కణాలు?

తగిలితే తప్పక స్పందిస్తుంది. తగలడమే అరుదు. సెకనుకు 3,700 విఘటనలు జరిగే చిన్న అమెరీషియం సోర్సును ఒక సెంటీమీటరు దూరంలో పెడితే, ఆ దూరంలో ప్రతి చదరపు సెంటీమీటరు మీదుగా సెకనుకు దాదాపు 300 ఆల్ఫాలు పోతాయి. చిప్‌పై పడుకుని ఉన్న ఒక్క తీగ పై నుంచి చూస్తే అర చదరపు మైక్రోమీటరు ఉంటుంది. దానికి ఒక్క ఆల్ఫా తగలడానికి సగటున ఎనిమిది రోజులు పడుతుంది. ఫిషింగ్ హార్బరులో గాలం వేసి కూర్చున్నవాడికి చేప పడవచ్చు గానీ, నీటిలో చేపలు ఎన్ని ఉన్నాయో వాడు చెప్పలేడు. ఒంటి తీగ సంగతీ అదే. నిలువు తీగల పలక వాడితే సెకనుకు ఒకటి రెండు దెబ్బలు చూడవచ్చు, కానీ అన్ని తీగలనూ ఒకే ఎలక్ట్రోడుకు కలిపిన మరుక్షణం కెపాసిటెన్స్ పెరిగిపోయి, పైన చెప్పిన వోల్టేజి లాభం కరిగిపోతుంది.

ప్రయోగం చేసేవారు మరొకటి గమనించాలి. సిలికాన్, ఇండియం ఫాస్ఫైడ్ తీగలు మామూలు వెలుతురుకు బాగా స్పందిస్తాయి. ఆల్ఫా కణం లోపలికి రావాలంటే తీగపై మందమైన మూత ఉండకూడదు, మూత లేకపోతే గదిలోని ట్యూబ్‌లైటు చాలు, విద్యుత్తు ఉబ్బిపోతుంది. అందువల్ల సోర్సునూ చిప్‌నూ కలిపి చీకటి పెట్టెలో ఉంచి కొలవడం తప్పనిసరి.

న్యూట్రాన్ల విషయంలో ఆశ ఉందా?

ఉంది. న్యూట్రాన్ నేరుగా జంటలను పుట్టించదు కాబట్టి బోరాన్-10 సాయం తీసుకుంటారు. నెమ్మదిగా కదిలే న్యూట్రాన్‌ను బోరాన్-10 మింగి ఒక ఆల్ఫాను, ఒక లిథియం-7 కేంద్రకాన్ని విసురుతుంది. ఆ ఆల్ఫా బోరాన్‌లో మూడున్నర మైక్రోమీటర్లు ప్రయాణించేసరికే ఆగిపోతుంది. చదునైన సిలికాన్‌పై బోరాన్ పూత పూస్తే, పూత పలుచగా ఉంటే న్యూట్రాన్లు చిక్కవు, మందంగా ఉంటే ఆల్ఫాలు సిలికాన్ దాకా రావు. ఈ రెంటి మధ్య నలిగి, ఒక్క పూతతో సామర్థ్యం ఐదు శాతం దగ్గరే ఆగుతుంది. అదే సిలికాన్‌ను నిలువు స్తంభాలుగా చెక్కి సందుల్లో బోరాన్ నింపితే, న్యూట్రాన్ నిలువునా దండిగా బోరాన్‌ను చూస్తుంది, ఆల్ఫాకు మాత్రం పక్కనే సిలికాన్ దొరుకుతుంది. అమెరికాలోని లారెన్స్ లివర్మోర్ జాతీయ ప్రయోగశాల ఇలాంటి స్తంభాల డిటెక్టర్లను తయారు చేసింది. ఆ స్తంభాల వ్యాసం మైక్రోమీటర్లలో ఉంటుంది కాబట్టి కచ్చితంగా చూస్తే అవి నానోవైర్లు కావు, కానీ వరుసగా నిలబెట్టిన తీగల అమరికకు నిజమైన ప్రయోజనం కనిపించేది ఇక్కడే అని నా అభిప్రాయం.

వచ్చిన కిరణం శక్తి ఎంతో నానోవైరు చెప్పగలదా?

చెప్పలేదు. 10 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల ఎక్స్-కిరణం తీగలో ఢీకొని ఒక ఎలక్ట్రాన్‌ను వెళ్లగొట్టిందనుకుంటే, ఆ ఎలక్ట్రాన్ ఆగడానికి సిలికాన్‌లో సుమారు ఒక మైక్రోమీటరు కావాలి. తీగ వ్యాసం అందులో పదో వంతు. ఎలక్ట్రాన్ తన శక్తిలో అధిక భాగాన్ని వెంటబెట్టుకుని బయటకు పోతుంది. తీగలో మిగిలేది ఒక ముక్క, అది కూడా ప్రతిసారీ ఒకే పరిమాణంలో ఉండదు. శక్తి వర్ణపటం కావాలంటే ద్రవ నైట్రోజన్‌తో చల్లబరచిన జెర్మేనియం వంటి పెద్ద స్ఫటికం దగ్గరికే వెళ్లాలి.

ఇన్ని లోపాలుంటే దీనిపై పరిశోధన ఎందుకు?

ఎంత రేడియేషన్ ఉందన్న ప్రశ్నకు నానోవైరు మంచి సాధనం కాదు. ఎక్కడ పడుతోందన్న ప్రశ్నకు మాత్రం దానికి సాటి వచ్చేవి తక్కువ. సింక్రోట్రాన్‌లలో (ఎలక్ట్రాన్లను వలయంలో వేగంగా తిప్పి తీవ్రమైన ఎక్స్-కిరణాలు పుట్టించే యంత్రాలు) ఎక్స్-కిరణపు పుంజాన్ని వంద నానోమీటర్ల లోపుకు కుదించి వాడుతున్నారు. ఆ పుంజం ఆకారం సరిగ్గా ఉందో లేదో చూడాలంటే దానికన్నా పెద్ద పిక్సెల్ పనికిరాదు. 2014లో స్వీడన్, జర్మనీ పరిశోధకులు 100 నానోమీటర్ల వ్యాసమున్న ఒకే ఒక్క నానోవైరును పుంజానికి అడ్డంగా జరుపుతూ హార్డ్ ఎక్స్-కిరణాలను గుర్తించి చూపించారు. సిలికాన్‌తో లెక్కవేస్తే 100 నానోమీటర్ల మందంలో 10 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల కిరణాలు వెయ్యింటిలో ఒకటి కూడా ఆగవు. అయినా సింక్రోట్రాన్ పుంజంలో సెకనుకు కోట్లాది ఫోటాన్లు వస్తాయి కాబట్టి కొలవదగిన విద్యుత్తు వస్తుంది. మన దేశంలో ఇందౌర్‌లో ఇండస్-2 సింక్రోట్రాన్ ఉంది.

రెండో దారి సింటిలేటర్లది, అంటే కిరణం తగిలితే వెలుగునిచ్చే పదార్థాలది. రంధ్రాలున్న అల్యూమినియం ఆక్సైడ్ పొరలో సీజియం లెడ్ బ్రోమైడ్ నానోవైర్లను పెంచితే, ఎక్స్-కిరణం తగిలినచోట పుట్టిన వెలుగు పక్కలకు చెదరకుండా ఆ తీగ వెంటే కెమెరా వైపు నడుస్తుంది. చిత్రం స్ఫుటంగా వస్తుంది. ఇక్కడ ఒక్కో తీగకు వైరు కలపాల్సిన అవసరం లేకపోవడం పెద్ద ఊరట.

రేడియోథెరపీలో ఉపయోగపడుతుందా?

విశాఖలో అగనంపూడి వద్ద హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వచ్చిన తరువాత ఈ ప్రశ్న ఎక్కువగా వినిపిస్తోంది. చికిత్సా క్షేత్రం ఒక సెంటీమీటరు కన్నా చిన్నదైనప్పుడు, కొన్ని మిల్లీమీటర్ల కుహరం ఉన్న అయనీకరణ గది (అయనైజేషన్ ఛాంబర్) అంచు దగ్గర మోతాదును సగటు చేసి చూపిస్తుంది. ఆ ఇబ్బంది నిజమే. అయితే దాన్ని తీర్చడానికి సూక్ష్మ వజ్రపు డిటెక్టర్లు, చిన్న డయోడ్లు ఇప్పటికే ఉన్నాయి. లీనియర్ యాక్సిలరేటరు పుంజపు అంచే మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది కాబట్టి వంద నానోమీటర్ల సూక్ష్మత ఆసుపత్రికి అక్కరలేదు. కొన్ని పదుల మైక్రోమీటర్ల వెడల్పున్న పుంజాలతో చేసే మైక్రోబీమ్ చికిత్స పరిశోధనకు మాత్రం ఇలాంటి సన్నని డిటెక్టర్లు పనికొస్తాయి.

సిబ్బంది తమకు తగిలిన మోతాదు తెలుసుకోవడానికి ధరించే టీఎల్‌డీ (థర్మోల్యూమినిసెంట్ డోసిమీటర్) బ్యాడ్జి స్థానంలో నానోవైరు బ్యాడ్జి రావచ్చా?

రాదనే చెప్పాలి. మొదట చెప్పిన తీగ బరువు ఇక్కడ అక్కరకొస్తుంది. సాధారణ ప్రజలకు ఏడాది పరిమితి ఒక మిల్లీసీవర్ట్. గామా కిరణాలకు అది ఒక మిల్లీగ్రేకు సమానం. ఒక మిల్లీగ్రే మోతాదులో మన తీగకు దక్కే సగటు శక్తి దాదాపు 0.57 ఎలక్ట్రాన్‌వోల్టు. ఒక్క జంట పుట్టడానికి కావలసిన 3.6లో అది ఆరో వంతు. అంటే తీగల్లో అత్యధికం ఏడాదంతా ఏమీ చూడవు, ఎక్కడో ఒక తీగకు ఒకేసారి పెద్ద దెబ్బ తగులుతుంది. ఇలాంటి చోట సగటు అన్న మాటకే అర్థం ఉండదు. బ్యాడ్జిలోని డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేట్ బ్యాటరీ లేకుండా నెలల తరబడి మోతాదును దాచుకుంటుంది, ధర తక్కువ, మన దేశంలో ఏళ్లుగా నిలదొక్కుకున్న పద్ధతి. దాన్ని మార్చాల్సిన అవసరం కనిపించదు.

భీమిలి తీరపు ఇసుకలోని థోరియంను దీనితో కొలవవచ్చా?

భీమునిపట్నం తీరపు ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్, సిల్లిమనైట్‌లతో పాటు మోనజైట్ కూడా ఉంది, మోనజైట్‌లో థోరియం ఉంటుంది. థోరియం శ్రేణి చివర థాలియం-208 ఇచ్చే 2,614 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల గామా కిరణం దాని గుర్తు. అంతటి శక్తిగల గామాకు నానోవైరు ఉన్నా లేనట్లే. ఇసుక గింజ లోపలి ఆల్ఫాలు గింజలోనే ఆగిపోతాయి, పైపొరలోనివి కొన్నే బయటపడతాయి. ఇసుక మీద మోతాదు తెలియాలంటే సర్వే మీటరు, థోరియం శాతం తెలియాలంటే సోడియం అయొడైడ్ లేదా జెర్మేనియం వర్ణపటమాపకం, ఇళ్లలో రాడాన్ వాయువు తెలియాలంటే ఆల్ఫాల జాడలు పడే ఎల్ఆర్-115 ఫిల్ము వాడండి.

అతివాహక నానోవైర్ డిటెక్టర్లు కూడా ఇవేనా?

పేరు కలుస్తుంది గానీ పనిచేసే తీరు వేరు. అవి నయోబియం నైట్రైడ్ వంటి లోహ సమ్మేళనాన్ని కొద్ది నానోమీటర్ల మందంతో పరచి, సుమారు వంద నానోమీటర్ల వెడల్పు పట్టీగా చెక్కినవి. దాదాపు నాలుగు కెల్విన్ల లోపు చల్లబరచినప్పుడు ఒక్క ఫోటాన్ తగిలినా ఆ చోట అతివాహకత పోయి వోల్టేజి కనిపిస్తుంది. 2001లో మాస్కోకు చెందిన గోల్ట్స్‌మన్ బృందం దీన్ని తొలిసారి చూపించింది. అర్ధవాహక తీగ గది ఉష్ణోగ్రతలోనే పనిచేస్తుంది.

తీగలను ఎలా పెంచుతారు? ఇక్కడ పెంచగలమా?

ఎక్కువ వాడుకలో ఉన్న పద్ధతిని బెల్ ల్యాబ్స్‌లో వాగ్నర్, ఎల్లిస్ 1964లో ప్రకటించారు. పలకపై బంగారపు నలుసును ఉంచి వేడిచేసి, సిలికాన్ ఉన్న వాయువును పంపుతారు. బంగారం, సిలికాన్ కలిసి 363 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతాయి. ఆ ద్రవ బిందువు వాయువు నుంచి సిలికాన్‌ను పీల్చుకుని, ఇక పట్టనప్పుడు అడుగున స్ఫటికంగా దించుతుంది. తీగ పెరిగేకొద్దీ బిందువు పైకి లేస్తుంది, చివరికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ప్రతి తీగ తలపైనా ఒక గుండ్రని బంగారు టోపీ కనిపిస్తుంది.

దీనికి క్లీన్‌రూమ్ కావాలి. జింక్ ఆక్సైడ్ తీగలకు అక్కరలేదు. జింక్ నైట్రేట్, హెక్సమీన్ సమాన మోలార్ ద్రావణాన్ని బిగుతు మూత ఉన్న గాజు సీసాలో పోసి, ముందుగా జింక్ ఆక్సైడ్ బీజపు పొర వేసిన గాజు పలకను బీజం ఉన్న ముఖం కిందికి ఉండేలా వాలుగా నిలిపి, ఓవెన్‌లో 90 డిగ్రీల వద్ద కొన్ని గంటలు ఉంచితే పలక పాలపొర కట్టినట్లు తెల్లబడుతుంది. ముఖాన్ని పైకి పెడితే ద్రావణంలో విడిగా పెరిగిన పొడి దానిపై రాలి తీగలను కప్పేస్తుంది. ఏ కళాశాల ప్రయోగశాలలోనైనా ఇది సాధ్యమే. కాకపోతే ఇలా వచ్చిన పలకకు అతినీలలోహిత దీపం చూపించి, విద్యుత్తు పెరిగిందని గ్రాఫు గీసి, దానికి రేడియేషన్ డిటెక్టర్ అని పేరు పెట్టడం ఈమధ్య ఆనవాయితీ అయింది. అది కాంతి డిటెక్టరు. ఆ పేరుతో పిలిస్తే దాని విలువేమీ తగ్గదు.

సముద్రపు గాలి, తేమ వల్ల ఇబ్బంది ఉందా?

ఉంది, చాలా ఉంది. తీగ ఎంత సన్నబడితే దాని పరిమాణంతో పోలిస్తే ఉపరితలం అంత పెరుగుతుంది. పుట్టిన ఎలక్ట్రాన్లలో చాలా భాగం ఉపరితలంలోని లోపాల వద్దే హోల్స్‌తో కలిసి నశిస్తాయి. దానికి తోడు ఉపరితలంపై వాలిన నీటి అణువులు, ఆక్సిజన్ తీగ వాహకతనే మార్చేస్తాయి. 2001లో హార్వర్డ్‌లో చార్ల్స్ లీబర్ బృందం సిలికాన్ నానోవైర్లతో ద్రావణం పీహెచ్‌ను కొలిచింది ఈ గుణం ఆసరాగానే. రసాయన సెన్సరుకు వరమైనది మనకు శాపం. ఆర్ద్రత 70 శాతం దాటే విశాఖ గాలిలో, పైపొర లేని జింక్ ఆక్సైడ్ తీగ ఉదయం ఒక రీడింగు, సాయంత్రం ఇంకొక రీడింగు ఇస్తే ఆశ్చర్యపడనక్కరలేదు. అతినీలలోహిత దీపం ఆపిన తరువాత కూడా విద్యుత్తు నిమిషాల తరబడి తగ్గకపోవడం కూడా ఆక్సిజన్ పుణ్యమే.

తీగపై అణుపొర నిక్షేపణ పద్ధతిలో కొన్ని నానోమీటర్ల అల్యూమినియం ఆక్సైడ్ పూత వేయడం, చిప్‌ను పొడి నైట్రోజన్‌లో ఉంచి కొలవడం ఇందుకు మందు. సీజియం లెడ్ బ్రోమైడ్ వంటి సీసం ఉన్న పెరోవ్‌స్కైట్ తీగలైతే తేమకు అసలు ఓర్చుకోవు.

రేడియేషన్ వల్ల తీగే పాడైపోదా?

పాడవుతుంది, కానీ మందమైన స్ఫటికం కన్నా ఓర్పు ఎక్కువని చెప్పడానికి ఆధారాలున్నాయి. భారీ కణం తీగలో ఉండేది క్షణకాలమే కాబట్టి కదిలించే పరమాణువులు తక్కువ, కదిలినవాటికి ఉపరితలం దగ్గరే. నానోవైర్లతో చేసిన సౌరఘటాలు ప్రోటాన్ తాకిడిని చదునైన ఘటాల కన్నా బాగా తట్టుకున్నాయి.

విశాఖలో పీజీ ప్రాజెక్టుగా చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతిక పరిశోధనకు 1950లలో స్వామి జ్ఞానానంద వేసిన పునాది ఉంది, కాబట్టి కొలత పద్ధతులు నేర్పేవారికి ఇక్కడ కొదవ లేదు. తీగలకు ఎలక్ట్రోడ్లు వేసే ఎలక్ట్రాన్ పుంజపు లితోగ్రఫీ కోసం బెంగళూరు ఐఐఎస్‌సీ, ఐఐటీ బొంబాయిలలోని నానో కేంద్రాలు బయటి విద్యార్థులకు ఐఎన్‌యూపీ (ఇండియన్ నానోఎలక్ట్రానిక్స్ యూజర్స్ ప్రోగ్రామ్) కార్యక్రమం ద్వారా అవకాశం ఇస్తూ వచ్చాయి. రేడియోధార్మిక సోర్సు విషయంలో సొంత తెలివి పనికిరాదు. అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం, మీ సంస్థ ద్వారా, నవీ ముంబయిలోని బ్రిట్ (బోర్డ్ ఆఫ్ రేడియేషన్ అండ్ ఐసోటోప్ టెక్నాలజీ) వంటి అధీకృత సంస్థ నుంచే తీసుకోవాలి. పాత పొగ డిటెక్టరు విప్పి అందులోని అమెరీషియం బిళ్లను పీకే ఆలోచన ఎవరికైనా ఉంటే వెంటనే మానుకోండి. ఆ రేకు చెదిరి నలుసు ఊపిరిలోకి పోతే, బయట కాగితం ఆపగలిగిన ఆల్ఫాయే లోపల తీవ్ర హాని చేస్తుంది.

నిన్నటి దాకా పనిచేసిన చిప్‌లో ఈరోజు విద్యుత్తు అసలు రావడం లేదు, ఏమై ఉంటుంది?

చాలావరకు అది స్థిర విద్యుత్తు పని. తడి గాలి ఉన్న ఊరు కదా అని నిర్లక్ష్యం చేస్తారు గానీ, ఏసీ నడిచే కొలతల గదిలో గాలి పొడిగానే ఉంటుంది. సింథటిక్ చొక్కాతో కుర్చీలోంచి లేచి వచ్చి పిన్ను ముట్టుకుంటే చాలు, వందల వోల్టులు ఆ తీగ గుండా ఒక్కసారిగా పోతాయి. మైక్రోస్కోపులో చూస్తే రెండు బంగారు ప్యాడ్లు చెక్కుచెదరకుండా ఉంటాయి, మధ్యలో తీగ ఉన్నచోట ఒక మచ్చ మాత్రం మిగులుతుంది. చిప్‌ను మోసేటప్పుడు పిన్నులన్నింటినీ వాహక స్పాంజిలో గుచ్చి ఒకటిగా కలిపి ఉంచండి, మణికట్టుకు ఎర్తు పట్టీ కట్టుకోండి, కేబుళ్లను ముందు ఎర్తు చేసి ఆ తరువాతే చిప్‌కు తగిలించండి.